రాతిపలకలో రెక్కల డైనోసారు

వికారాబాదు, తాండూరు ఇండ్లలో మనము నిత్యము త్రొక్కే నాపరాయి సున్నపురాయియే. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ రాయియు అట్టిదే. పలకలుగా చీలును, మన ఉర్దూ పుస్తకములు ఒకప్పుడు అచ్చయిన లిథో పద్ధతికి ఆ రాయి జగత్ప్రసిద్ధము. 1861లో ఆ రాతిలో బయల్పడిన జీవికి 'ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా' అని పేరిడిరి.

సుమారు 15 కోట్ల ఏండ్ల నాటి ఆ జీవి కాకియంత. ఈకలు పక్షివే. కాని దవడలలో పళ్లు, రెక్కకు గోళ్లుగల మూడు వ్రేళ్లు, బల్లికివలె పొడవైన ఎముకల తోక! ఇవి థెరోపోడ్ డైనోసారుల లక్షణములు. ఈకల జాడ కంటికి ఆనని ఒక శిలాజమును కాంప్సొగ్నాథస్ అను చిన్న డైనోసారుగానే ఎంచిరి. ఎముకలను బట్టి అది వింత కాదు.

తాండూరు గనులలో దీనిని వెదకి లాభము లేదు. ఎముకలుగల ప్రాణులు పుట్టకమునుపే మన రాయి ఏర్పడినది.