టీకాల కార్డు చెప్పే సాక్ష్యం
భార్యాభర్తలు విడిపోయాక బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న తగవులో జీతం చీటీ కన్నా టీకాల కార్డే ఎక్కువ చెబుతుంది. ఆ తేదీల్లో ఆస్పత్రికి ఎత్తుకెళ్లిందెవరు, జ్వరం వచ్చిన రాత్రి తడిగుడ్డ వేసిందెవరు, బడి డైరీలో రోజూ సంతకం ఎవరిది? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సంరక్షకుడిగా తండ్రిని ముందు చెప్పినా, ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. 13వ సెక్షన్ మాత్రం బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని తేల్చేసింది. ఆ క్షేమాన్ని రోజూ చూసుకున్నదెవరన్నదాన్ని బట్టి కొలిస్తే, సంపాదనలో పడి ఇంటిపట్టున లేని తండ్రికి అన్యాయం కాదా అంటారు. ఆ కష్టమూ బిడ్డ కోసమే, కాదనను. అందుకే వారాంతాలు, సెలవులు బిడ్డతో గడిపే వీలు కోర్టులు కల్పిస్తాయి. అంతేగాని అలవాటైన చేతుల్లోంచి పసిబిడ్డను లాగకూడదు. ఇన్నాళ్లూ జడవేసి బడికి పంపింది తండ్రే అయితే, ఇదే కొలత ఆయన పక్షాన నిలవాలి.