నెలకు 800 గ్రాములు: బాలింత బరువు లెక్క

నిండు నెలలకు ఒక తల్లి 12.5 కిలోలు పెరిగిందనుకుందాం. అందులో బిడ్డ బరువు 3.4 కిలోలు, మాయ 650 గ్రాములు, ఉమ్మనీరు 800 గ్రాములు. పెరిగిన గర్భసంచి దాదాపు కిలో. అదనంగా పట్టిన రక్తం, ఒంట్లో చేరిన నీరు కలిపి 3 కిలోలు. రొమ్ముల్లో పెరిగింది 400 గ్రాములు. ఇవన్నీ తీసేస్తే కొవ్వుగా మిగిలేది 3.3 కిలోలే. వైద్య పుస్తకాలు చాలాకాలంగా ఇస్తున్న సగటు లెక్క ఇది.

కాన్పు రోజునే అయిదు కిలోల దాకా దిగిపోతాయి. ఆ తర్వాత రెండు వారాల్లో ఒంటి నీరు తీస్తుంది. కిలో ఉన్న గర్భసంచి ఆరు వారాలకు 100 గ్రాముల లోపుకు ముడుచుకుంటుంది. ఇంతవరకూ ఎవరి ప్రయత్నమూ అక్కర్లేదు. నడికట్టు గట్టిగా బిగించి కడితే పొట్ట కరుగుతుందని మన ఇళ్లలో ఓ నమ్మకం ఉంది కానీ, అది నడుముకు ఆసరా ఇస్తుందే తప్ప కొవ్వును కరిగించదు.

అసలు ఆ 3.3 కిలోల కొవ్వును ఒళ్లు దాచింది పాల కోసమే. బిడ్డ రోజుకు ముప్పాతిక లీటరు పాలు తాగితే వాటి తయారీకి 600 కేలరీలకు పైగా ఖర్చవుతుంది. తల్లి బాగా తినే మనిషైతే ఇందులో 170 కేలరీలు దాచుకున్న కొవ్వులోంచే వస్తాయని 2004 నాటి ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ నివేదిక లెక్కగట్టింది. ఆ లెక్కన మొదటి ఆరు నెలలూ నెలకు 0.8 కిలో తగ్గాలి. అంటే ఆరు నెలలకు సుమారు అయిదు కిలోలు. మరి ఎందుకు తగ్గడం లేదు?

ఇప్పుడు బందరులోనో గుడివాడలోనో పురుడు పోసుకున్న ఇంటి వంటగదిలోకి వెళ్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కేలరీలు కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ దీనికి 600, తర్వాతి ఆరు నెలలూ 520 కలపాలి. ఒక 40 గ్రాముల సున్నుండలో 16 గ్రాముల మినప్పిండి, 14 గ్రాముల బెల్లం, 10 గ్రాముల నెయ్యి ఉన్నాయనుకుంటే 200 కేలరీల దగ్గర తేలుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తింటే 400. రెండు పూటలా అన్నంలో పెద్ద చెంచాడేసి నెయ్యి పోస్తే ఇంకో 270. మొత్తం 670. అన్నం ఒక్క మెతుకు పెరగకుండానే, ప్రేమతో పెట్టిన ఈ కొసరుతోనే ఇవ్వాల్సిన 600 దాటిపోయాయి. ఇక చూడొచ్చిన చుట్టాలు తెచ్చిన బందరు లడ్డూల సంగతి వేరే చెప్పాలా! 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినంత మాత్రాన వాటిలో నెయ్యి తగ్గలేదు.

సున్నుండ మీద నాకు కోపం లేదు. పాలిచ్చే తల్లికి రోజూ అదనంగా కావలసిన 17 గ్రాముల మాంసకృత్తుల్లో రెండు సున్నుండలు ఏడు గ్రాములు ఇస్తాయి. ఒకటి ఉంచుకుని, రెండోదాని బదులు గుడ్డు పెడితే మాంసకృత్తులు పెరిగి కేలరీలు 130 దాకా తగ్గుతాయి. నాకు గొడవంతా పథ్యంతోనే. కూరలు వద్దు, పండ్లు చలవ, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుంది అంటారు. వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం మాత్రం మూడు పూటలా పెడతారు. పాలలో దాదాపు 87 శాతం నీళ్లే అయినప్పుడు, పాలిచ్చే మనిషికి దాహం వేస్తుంటే నీళ్లకు కొలత పెట్టడం నాకు అర్థం కాని ఆచారం.

ఇక్కడ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. అదే సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు 58.8 శాతం. బరువు ఎక్కువా, రక్తం తక్కువా అయిన ఒంటికి తిండి మానేయమని చెబితే రెండో జబ్బు ముదురుతుంది. మార్చాల్సింది కంచంలో ఏముందన్నది. ఇనుము మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి. ఆ సంగతి చాలా ఇళ్లలో గుర్తుండదు.

దివిసీమ, బందరు తీరంలో బాలింతకు పాలసొర పుట్టు పెట్టడం ఉంది. నెయ్యన్నంతో పోలిస్తే ఇది మేలైన తిండి. మాంసకృత్తులు బోలెడు, కొవ్వు తక్కువ. అయితే సొర జాతి చేపల్లో పాదరసం చేరుతుందని, పాలిచ్చే తల్లులు వాటిని మానేయాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. గిలకలదిండి రేవుకు వచ్చే చిన్న చేపలు, అంటే నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలతో ఆ భయం తక్కువ, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. వేపుడు కాకుండా పులుసు పెడితే సరి.

వేపుడు మాటకు నూనె గుర్తొచ్చింది. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటరు ప్యాకెట్లు అయిపోతున్నాయనుకోండి. లీటరుకు 910 గ్రాముల చొప్పున మనిషికి రోజుకు 30 గ్రాములు, 270 కేలరీలు. ఒక్క ప్యాకెట్టు తగ్గిస్తే మనిషికి రోజుకు 68 కేలరీలు తగ్గినట్టు. బాలింతకని వేరే వంట అక్కర్లేదు, అత్తగారితో మాటా రాదు, పైగా మామగారి బీపీకీ మంచిదే. చిన్న మార్పుల్లో నా ఓటు దీనికే. ఎందుకంటే పసిబిడ్డ తల్లి తన కంచం తాను నిర్ణయించుకోగలిగే ఇళ్లు మన దగ్గర తక్కువ. మొదటి నెలలు అమ్మ పెట్టింది తింటుంది, తర్వాత అత్తారింట్లో అందరూ తినగా మిగిలింది తింటుంది. పారేయడం ఎందుకని తిన్న మిగులన్నం ఒక కప్పే అయినా 200 కేలరీలు.

ఈ 68 కేలరీలతో ఎంత తగ్గుతారు? కిలో కొవ్వుకు 7,700 కేలరీలన్న పాత లెక్క ప్రకారం ఏడాదికి 3.2 కిలోలు, మూడేళ్లకు దాదాపు పది. ఇది తప్పుడు ఆశ. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో ఇచ్చిన లెక్క వేరు. రోజుకు 24 కేలరీల శాశ్వతమైన మార్పుకు చివరికి ఒక కిలో తేడా వస్తుంది. అందులో సగం మొదటి ఏడాదిలో, మిగిలింది దాదాపంతా మూడేళ్లకు. కాబట్టి నూనె ప్యాకెట్టు విలువ 2.8 కిలోలు, అందులో ఏడాదికి కనబడేది 1.4. రోజుకు మూడు టీల్లో చెంచాడేసి పంచదార తగ్గిస్తే మరో 60 కేలరీలు, అంటే చివరికి 2.5 కిలోలు. అంకె చిన్నదే, కానీ నిజమైనది. మూడు నెలలకే ఫలితం రాలేదని మానేసేవాళ్లకు ముందే ఇది తెలిసుంటే చాలామంది మానేవారు కాదు.

ఇంకొంచెం వేగం కావాలంటే కుదరదా? కుదురుతుంది, హద్దుంది. నార్త్ కరొలినాలో అధిక బరువున్న 40 మంది పాలిచ్చే తల్లులపై చేసిన పరిశోధన 2000లో అచ్చయింది. కాన్పైన నాలుగో వారం నుంచి పది వారాలపాటు కొందరు రోజుకు 500 కేలరీలు తగ్గించి, వారానికి నాలుగు రోజులు వ్యాయామం చేశారు. వారు సగటున 4.8 కిలోలు తగ్గారు, మిగతావారు 0.8 కిలో. పిల్లల ఎదుగుదలలో తేడా లేదు. వారానికి అరకిలో అన్నమాట. దాన్ని మించి పోకూడదు. కొన్నేళ్ల కిందట రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా పాకిన వీరమాచనేని రామకృష్ణ డైట్ లాంటి పిండిపదార్థం దాదాపు లేని పద్ధతులు బాలింతకు తగినవి కావు. పాలిచ్చే రోజుల్లో అన్నం, రొట్టె పూర్తిగా మానేసిన తల్లులు రక్తం ఆమ్లమయ్యే కీటోఅసిడోసిస్‌తో ఆసుపత్రి పాలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

నడక సంగతి. 2019–21 సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి చాలామందికి కుట్టు చూపించుకుని డాక్టరు సరేనన్నాకే వేగం పెంచాలి. వారానికి 150 నిమిషాలు అని డబ్ల్యూహెచ్‌ఓ మాట. అరగంట వడిగా నడిస్తే 100 నుంచి 120 కేలరీలు. డెల్టా నేల బల్లపరుపు, కాలవగట్ల మీద నడకకు ఎత్తుపల్లాల బాధ లేదు. 2014 నవంబరు నుంచి తెల్లవారుజామునే కార్యకర్తలు వీధులు శుభ్రం చేస్తున్న చల్లపల్లి లాంటి ఊరైతే చెట్ల నీడ కూడా దొరుకుతుంది. అయితే రాత్రి నాలుగుసార్లు లేచిన తల్లిని అయిదింటికి నడవమనడం దయలేని సలహా. పదేసి నిమిషాలు మూడుసార్లయినా లెక్కే. డబ్ల్యూహెచ్‌ఓ 2020 మార్గదర్శకాల్లో ‘కనీసం పది నిమిషాలు’ అన్న షరతు కూడా తీసేశారు.

ఎంత బరువుకు దిగాలన్న ప్రశ్నకు మనవాళ్ల హద్దు వేరు. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీకి అవి 55, 60 కిలోలు. నడుము 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవారు ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. వీరికి ఈ కిలోలు అందం సంగతి కాదు. ఎంత చేసినా బరువు కదలకపోయినా, ఏమీ చేయకుండానే వేగంగా పడిపోయినా థైరాయిడ్ చూపించాలి. కాన్పైన ఏడాదిలో అది అదుపు తప్పడం అరుదేమీ కాదు.

రోజూ తూకం ఎక్కితే నీటి హెచ్చుతగ్గులే కనిపిస్తాయి. బిడ్డ టీకాల తేదీలే చాలు: 6, 10, 14 వారాలు, 9 నెలలు. బిడ్డను తూచిన రోజునే తల్లీ బరువు చూసుకుని కార్డు మూలన రాసుకోవచ్చు. ఆరో వారంలో 65 కిలోలుంటే, నెలకు 800 గ్రాముల చొప్పున పదో వారానికి 64.3, పద్నాలుగో వారానికి 63.5. ఆరు నెలల తర్వాత బిడ్డ అన్నం మొదలెట్టి పాలు తగ్గుతాయి, ఈ వేగమూ మందగిస్తుంది. తొమ్మిదో నెల టీకా నాటికి 60, 61 మధ్య ఉంటే లెక్క సరిగ్గా నడుస్తున్నట్టే.