నా ఫైలు మీద రూట్ పేరు

పాస్‌వర్డ్ కొట్టాను. తెర ఒక్కసారి నల్లబడి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగే చోటికే వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది కదా, అదీ లేదు. లోపల నేను సగం రాసిన నవల ఉంది, పన్నెండు అధ్యాయాలు. ఇంకెక్కడా కాపీ లేదు.

రిపేరు షాపు కుర్రాడు చూసి, "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, అరగంట పని" అన్నాడు. గుండె జారిపోయింది. లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చి మా బావమరిదికి ఫోన్ చేశాను.

"బావా, ముందు ఒకటి చెప్పు. సుడో పెట్టి ఏమైనా తెరిచావా?"

తెరిచాను. ఒకసారి కాదు. నాది పాత ఉబుంటు, 16.04. ఇంకో డ్రైవ్ దానంతటదే తెరుచుకోవాలంటే ఎఫ్‌స్టాబ్ అనే సిస్టమ్ ఫైల్లో ఓ లైను చేర్చాలి. మామూలుగా తెరిస్తే సేవ్ కాలేదు. 'సుడో జీఎడిట్' అని కొడితే అయింది. ఆ రుచి మరిగాక ఫోల్డర్లు చూసే నాటిలస్‌ని కూడా సుడోతోనే తెరవడం మొదలెట్టాను. అడ్డు చెప్పేవాళ్లు లేరుగా!

సుడో పెట్టామంటే ఆ ప్రోగ్రాము నడిచినంతసేపు నేను నేను కాదు, రూట్‌ని. యంత్రం మొత్తానికి యజమానిని. టెర్మినల్లో చిన్న కమాండ్ అయితే దాని పని అది చేసి పోతుంది. విండోతో తెరుచుకునే అప్లికేషన్ అలా కాదు. తన సెట్టింగులనీ, ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా అనీ అడక్కుండానే ఏవేవో రాసుకుంటుంది. అప్పటి ఉబుంటులో సుడో పెట్టినా హోమ్ ఫోల్డర్ మాత్రం నాదే ఉండేది. అంటే రాసేది రూట్, రాసే చోటు నా ఇల్లు. ఆ ఫైళ్ల మీద రూట్ పేరే పడుతుంది. (19.10 వెర్షన్ నుంచి ఈ పద్ధతి మార్చారట. నాదేమో అంతకన్నా పాతది.)

బావమరిది చెప్పినట్టు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 కలిపి నొక్కితే ఉత్త అక్షరాల తెర వచ్చింది. అక్కడ మాత్రం లాగిన్ అయింది! ఫైళ్ల జాబితా తీశాను. పేరుకి ముందు చుక్క ఉండి మామూలుగా కనబడని 'ఎక్స్ అథారిటీ' అనే ఫైలు పక్కన 'రూట్ రూట్' అని ఉంది. తెర మీద విండోలు చూపించే ఎక్స్ సర్వర్ దగ్గరికి నన్ను రానిచ్చే తాళంచెవి ఆ ఫైల్లోనే ఉంటుంది. లాగిన్ అయినప్పుడల్లా అందులో నా పేరు మీద కొత్తగా రాయాలి. రాసే హక్కు నాకు లేకుండా పోయింది. అందుకే గుమ్మం దాకా తీసుకెళ్లి బయటికి నెడుతోంది.

'చౌన్' కమాండ్‌తో ఆ ఫైలుని నా పేరుకి మార్చాను. "హోమ్ ఫోల్డర్లో ఇంకేమైనా రూట్ పేరుతో ఉంటే అవీ మార్చు. కానీ పొరపాటున ఒట్టి స్లాష్ ఇచ్చి మొత్తం డిస్కుకి కొట్టావో, ఇక నిజంగానే ఫార్మాట్ చేయాలి బావా" అని బెదిరించాడు. ఒక్కో అక్షరం రెండుసార్లు చదువుకుంటూ కొట్టాను.

డెస్క్‌టాప్ వచ్చింది. ముందు నవల పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

ఇప్పుడు సిస్టమ్ ఫైళ్లేమైనా మార్చాలంటే 'సుడోఎడిట్' వాడుతున్నా. అది ఫైలుకి ఓ కాపీ తీసి, ఎడిటర్‌ని నా పేరు మీదే తెరుస్తుంది. నేను సేవ్ చేసి మూసేశాక దాన్ని తీసుకెళ్లి అసలు చోట పెడుతుంది. రూట్ మా ఇంట్లోకి రాదు.