నేర్చుకుంటూనే వాయించినవాళ్లు

మా బరంపురంలో నా చిన్నతనంలో ఆడపిల్లకు సంగీతమంటే, పెళ్లిచూపుల్లో ఒక కీర్తన వినిపించడానికి సరిపడా నేర్పించడమే. నేనూ అంతే నేర్చుకున్నాను. పెళ్లయ్యాక నా వీణ బీరువా మీదికెక్కింది. ‘మనకు సరిగ్గా రాదు, నలుగురిలో వాయిస్తే నవ్వుతారు’ అని నాకు నేనే చెప్పుకుంటూ నలభై ఏళ్లు గడిపేశాను.

పోయిన వేసవిలో సెలవులకు వచ్చిన మనవరాలు ఒక ఇంగ్లీషు పాట వినిపించింది. వయొలిన్ గీరుతున్నట్టుంది. డ్రమ్ము ఎక్కడ పడుతుందో తెలియడం లేదు.

“ఎవరే వీళ్లు? ఇంకా నేర్చుకుంటున్నారా?” అన్నాను.

“అవును అమ్మమ్మా, నేర్చుకుంటూనే రికార్డు ఇచ్చారు” అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. దాని చేత అడిగించి, చదివించి తెలుసుకున్న సంగతులివి.

1976 ప్రాంతంలో లండన్‌లో పంక్ సంగీతం బయలుదేరింది. ఏళ్ల తరబడి నేర్చుకోనక్కర్లేదు, చెప్పాల్సిన మాట ఉంటే చాలునన్నది దాని ధోరణి. అప్పటిదాకా రాక్ బృందాల్లో ఆడవాళ్లు పాడితే పాడేవారు గాని, గిటార్లూ డ్రమ్ములూ ఎక్కువగా మగవాళ్ల చేతుల్లోనే ఉండేవి. ఆ ఏడే ‘స్లిట్స్’ అనే ఆడపిల్లల బృందం పుట్టింది. అందులో పాడే ఆరీ అప్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు. డ్రమ్ములు వాయించిన పామోలివ్ స్పెయిన్ దేశపు పిల్ల.

వాళ్ల కచేరీ చూసి జీనా బర్చ్ అనే విద్యార్థినికి ధైర్యం వచ్చింది. 1977లో లండన్ హార్న్‌సీ ఆర్ట్ కాలేజీలో తన సహవిద్యార్థిని, పోర్చుగల్ నుంచి వచ్చిన ఆనా డ సిల్వాతో కలిసి ‘రెయిన్‌కోట్స్’ ప్రారంభించింది. తర్వాత పామోలివ్ వీళ్లతో చేరింది. శాస్త్రీయంగా వయొలిన్ నేర్చుకున్న విక్కీ ఆస్పినాల్ కూడా చేరింది. వచ్చినామె, రానివాళ్ల పక్కన కూర్చుని వాయించింది! నాకు ఇదే అన్నిటికన్నా నచ్చింది.

వీళ్ల తొలి ఆల్బమ్ 1979లో వచ్చింది. పెద్ద కంపెనీల గడప తొక్కలేదు. పశ్చిమ లండన్‌లో 1976లో తెరిచిన ‘రఫ్ ట్రేడ్’ అనే రికార్డుల దుకాణమే సొంతంగా రికార్డులు వేయడం మొదలుపెట్టింది. లాభంలో చెరిసగం కళాకారులకు ఇచ్చే పద్ధతి వాళ్లది.

1984లో బృందం విడిపోయింది. అంతటితో కథ ముగియలేదు. 1992లో నిర్వాణ బృందపు గాయకుడు కర్ట్ కొబేన్ ఆ పాత రికార్డు కోసం లండన్‌లో వెతుక్కుంటూ, ఆనా పనిచేస్తున్న పాతవస్తువుల దుకాణానికి వెళ్లాడు. మరుసటి ఏడు అతని ముందుమాటతో ఆ ఆల్బమ్ మళ్లీ వెలువడింది. జీనా అయితే అరవై దాటాక, 2023లో తన మొదటి సొంత ఆల్బమ్ ఇచ్చింది.

సాధన అక్కర్లేదని నేననను. మన సంగీతానికి అది ప్రాణం. వాళ్లూ సాధన చేశారు. కాకపోతే తలుపులు మూసుకుని కాదు, నలుగురి మధ్యా చేశారు.

మొన్న వీణ దించాను. మైనం వదిలి మెట్లు కదిలిపోయాయి. బొబ్బిలి తీసుకెళ్లి బాగు చేయించాను. వచ్చే ఉగాదికి మన సంఘం సభలో వాయిస్తాను. తప్పులు దొర్లుతాయి. అయినా వచ్చి వినండి. వచ్చేటప్పుడు మీ ఇంటి అటక మీదున్న వయొలినో హార్మోనియమో ఉంటే, అదీ పట్టుకురండి.