లో రేంజిలో ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుపోవడం

ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాన్ని 'లో రేంజి' అనే నెమ్మది గేర్ల శ్రేణిలో నడిపిన తరువాత, మీట తిరిగి 'హై రేంజి'లోకి రాకుండా మొండికేయడాన్ని లో రేంజిలో బిగుసుకుపోవడం అంటారు. జీపు వంటి వాహనాలలో ఇది తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. చాలా సందర్భాలలో ఏ భాగమూ విరిగి ఉండదు. ముందు, వెనుక ఇరుసుల మధ్య చేరిన మెలి వలన గేరుపళ్ళు ఒకదానినొకటి గట్టిగా ఒత్తిపట్టి ఉంటాయి. పీటముడిని లాగేకొద్దీ బిగిసినట్లే, ఈ స్థితిలో మీటపై బలం ప్రయోగించడం వలన ప్రయోజనం ఉండదు, పైగా చిన్న ఇబ్బంది పెద్ద మరమ్మతుగా మారవచ్చు.

నేపథ్యం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుండి 1945 వరకు అమెరికా సైన్యం కొరకు తయారైన విల్లీస్ ఎంబి జీపులో గేరు మీట కాక మరి రెండు మీటలు ఉండేవి. ఒకటి ముందు ఇరుసును కలపడానికి, రెండవది హై, లో రేంజిలను మార్చడానికి. దీని లో రేంజి నిష్పత్తి 1.97. అనగా ఇంజను అదే వేగంతో తిరుగుతున్నా చక్రాల వేగం దాదాపు సగానికి తగ్గి, లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది. ల్యాండ్ రోవర్ వాహనాలలో వాడిన ఎల్‌టి 230 ట్రాన్స్‌ఫర్ కేసులో ఇది 3.32, జీప్ రాంగ్లర్ రూబికాన్ వాహనంలో 4. మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీలలో కూడా లో రేంజి ఉంది. ట్రాక్టరు నడిపే రైతులకు 'హై-లో' మీట పరిచయమైనదే. దాని ఉద్దేశం కూడా ఇటువంటిదే.

నిర్మాణం

గేరుపెట్టె నుండి వచ్చిన శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. అందులో లోపలి వైపు పళ్ళున్న స్లీవు ఒకటి షాఫ్టుపై అటూఇటూ జరుగుతుంది. మీటను కదిపినపుడు ఒక ఫోర్కు ఈ స్లీవును నెట్టుతుంది. స్లీవు ఒకవైపు జరిగితే హై రేంజి, రెండవవైపు జరిగితే లో రేంజి కలుస్తాయి. మధ్యలో ఏదీ కలవని న్యూట్రల్ స్థానం ఉంటుంది. పళ్ళపై ఒత్తిడి లేనపుడు స్లీవు సులభంగా జారుతుంది. ఒత్తిడి ఉన్నపుడు రాపిడి వలన కదలదు.

మెలి ఏర్పడే విధానం

వాహనం మలుపు తిరిగేటపుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటె పెద్ద వలయంలో ప్రయాణిస్తాయి. ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు, వెనుక ఇరుసు మధ్యభాగం తిరిగే వలయపు వ్యాసార్థం 5 మీటర్లు అనుకొందాం. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ముందు ఇరుసు వలయపు వ్యాసార్థం సుమారు 5.39 మీటర్లు. ఒక పూర్తి చుట్టులో వెనుక ఇరుసు 31.4 మీటర్లు, ముందు ఇరుసు 33.8 మీటర్లు పోవాలి. తేడా 2.4 మీటర్లు, అనగా జీపు చక్రం ఒక చుట్టు కంటె కొద్దిగా ఎక్కువ.

ఈ తేడాను సర్దడానికి కొన్ని వాహనాలలో ఇరుసుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ ఉంటుంది. విల్లీస్ జీపు, జిప్సీ, జిమ్నీ వంటి వాటిలో అది ఉండదు. ఫోర్ వీల్‌లో ఉండగా రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగక తప్పదు. బురదలో, ఇసుకలో టైర్లు కొద్దిగా జారి తేడా తీరిపోతుంది. పొడి తారురోడ్డు మీద టైర్లు అంత సులభంగా జారవు కనుక షాఫ్టులు మెలిపడి, ఆ ఒత్తిడి స్లీవు పళ్ళ మీద పడుతుంది. సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న వాహనాలలో కూడా దానిని లాక్ చేసి ఉంచితే ఇదే జరుగుతుంది.

ఒక ముఖ్య విషయం గమనించాలి. కుడికి తిరిగినా, ఎడమకు తిరిగినా ముందు ఇరుసుకే ఎక్కువ దూరం. కావున ఒక మలుపులో చేరిన మెలి వ్యతిరేక మలుపులో తీరదు, మరింత పెరుగుతుంది. వెనుకకు నడిపినపుడు మాత్రం అది విప్పుకొంటుంది.

విడిపించే పద్ధతి

1. వాహనాన్ని చదునైన చోట ఆపాలి. వీలైతే మట్టి లేదా గడ్డి నేల మంచిది.
2. స్టీరింగు తిన్నగా ఉంచి కొన్ని మీటర్లు నెమ్మదిగా వెనుకకు నడపాలి. మలుపులో బిగిసి ఉంటే, వచ్చిన దారినే వెనుకకు పోవడం మేలు.
3. పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉంచి మీటను నిదానంగా హై రేంజి వైపు నెట్టాలి. ఆటోమేటిక్ వాహనాలలో ప్రధాన మీట న్యూట్రల్‌లో ఉండాలి.
4. కదలకపోతే ఒక మీటరు ముందుకు, ఒక మీటరు వెనుకకు జరిపి మరల ప్రయత్నించాలి. పళ్ళు ఎదురెదురుగా తగులుతున్నా ఈ కదలికతో సర్దుకొంటాయి.

విల్లీస్ జీపులో ముందు ఇరుసు కలిసి ఉంటేనే లో రేంజి పడే ఏర్పాటు ఉంది. కనుక మొదట లో నుండి హైకి మార్చి, తరువాతనే ముందు ఇరుసును విడదీయాలి. ఈ వరుస తప్పినా మీట కదలదు.

ఇతర కారణాలు

మెలి తీరినా మీట రాకపోతే తుప్పు పట్టిన లింకులు, అరిగిన బుష్‌లు, వంగిన ఫోర్కు, పూర్తిగా విడిపడని క్లచ్ వంటివి పరీక్షించాలి. బటనుతో మారే వాహనాలలో మోటారు, స్థానాన్ని తెలిపే సెన్సరు, వైర్లు చెడిపోవచ్చు. వేర్వేరు కొలతల టైర్లు, లేదా ముందు కొత్తవి, వెనుక బాగా అరిగినవి ఉంటే తిన్నని రోడ్డు మీద కూడా మెలి చేరుతుంది.

ప్రమాదం

ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఆగితే గేరుపెట్టెకు, చక్రాలకు సంబంధం తెగిపోతుంది. అప్పుడు మొదటి గేరులో ఉంచినా, ఆటోమేటిక్‌లో 'పార్క్' స్థానంలో ఉంచినా వాహనం దొర్లిపోగలదు. మీటతో పెనుగులాడేటపుడు ఈ స్థితి తెలియకుండానే ఏర్పడవచ్చు. అందువలన వాలులో ఈ ప్రయత్నం చేయరాదు. బండి దిగవలసివస్తే హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. వాహనం ముందు గాని, వెనుక గాని ఎవరూ నిలబడకూడదు.

లో రేంజిలోనే ఇంటికి చేరవలసివస్తే చాలా నెమ్మదిగా నడపాలి. వేగం పెంచితే ఇంజను పరిమితికి మించి తిరిగి పాడవుతుంది.

నివారణ

లో రేంజిని జారే నేల మీద, ఏటవాలు దారులలో మాత్రమే వాడాలి. గట్టి రోడ్డు ఎక్కక ముందే, మట్టి నేల మీద ఉండగానే హై రేంజికి, తరువాత టూ వీల్‌కు మార్చుకోవాలి. నాలుగు టైర్లూ ఒకే కొలతలో, సరైన గాలితో ఉంచాలి. నెలకొకసారైనా మట్టి నేల మీద మీటను అన్ని స్థానాలకూ మారుస్తూ ఉంటే లింకులు పట్టివేయవు.

ఇవి కూడా చూడండి

జీపు
గేరుపెట్టె
డిఫరెన్షియల్
క్లచ్