డ్యాష్‌బోర్డు మీద ఆరని దీపం

పికప్ ట్రక్కు బాగానే నడుస్తూ ఉంటుంది. లాగుడు తగ్గలేదు, పొగ రావడం లేదు, మైలేజీ కూడా ఎప్పటిలాగే ఉంది. అయినా డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతూనే ఉంటుంది. మెకానిక్ స్కానర్ పెట్టి కోడ్ చెరిపేస్తే ఆరుతుంది. నాలుగు రోజులకు మళ్లీ వెలుగుతుంది. ఏ ఇబ్బందీ లేని బండికి ఈ దీపం ఎందుకని విసుక్కునేవాళ్లు చాలామంది. డ్రైవరుకు తెలియకుండా జరిగే తప్పును బయటపెట్టడానికే అది పుట్టింది.

దాని కథ లాస్ ఏంజలిస్‌లో మొదలవుతుంది. 1943 జూలైలో ఒక రోజు ఆ నగరాన్ని పొగ కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కదా, శత్రువులు విషవాయువు వదిలారేమోనని జనం హడలిపోయారు. అసలు కారణాన్ని పట్టుకున్నవాడు ఆరీ హాగెన్-స్మిట్. నెదర్లాండ్స్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో పనిచేసిన ఈ జీవరసాయన శాస్త్రవేత్త అప్పటిదాకా అనాసపండుకు ఆ రుచీ వాసనా ఏ పదార్థాల వల్ల వస్తాయో వెతుకుతున్నాడు. ఆ పనిముట్లతోనే నగరపు గాలిని పరీక్షించాడు. బండ్లూ చమురు శుద్ధి కర్మాగారాలూ వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. చమురు పరిశ్రమ ఒప్పుకోలేదు. ఆయన పట్టు వదల్లేదు. 1967లో కాలిఫోర్నియా వాయు వనరుల మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు ఆయనే.

1975 మోడల్ నుంచి అమెరికా కార్లకు పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ ఒకేచోట శుద్ధి చేయాలంటే మాత్రం కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి చొప్పున లెక్క సరిగ్గా కుదరాలి. ఆ లెక్క చూసే ఆక్సిజన్ సెన్సర్‌ను బాష్ తయారుచేయగా, 1976లో వోల్వో తన కార్లకు బిగించింది. జిర్కోనియా పింగాణీతో చేసిన ఆ చిన్న పరికరం వేడెక్కాక, పొగలో ఆక్సిజన్ తక్కువైతే వోల్టేజీ పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ దాన్ని చూసి ఇంధనాన్ని సరిచేస్తూ పోతుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. కన్వర్టర్ పనిచేయడం మానేస్తే బండి నడకలో తేడా ఏమీ కనబడదు. నష్టం ఊరి గాలికి, ఎవరి పిల్లల ఊపిరితిత్తులకో. అందుకే బండే తన తప్పును తాను పట్టుకుని చెప్పాలని కాలిఫోర్నియా 1988 మోడల్ నుంచి నిబంధన పెట్టింది. అప్పట్లో ఒక్కో కంపెనీకి ఒక్కో ప్లగ్గు, ఒక్కో కోడ్ భాష. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ, చిన్న ట్రక్కులన్నిటికీ 16 పిన్నుల ఒకే ప్లగ్గు, ఒకే రకం కోడ్‌లు తప్పనిసరయ్యాయి. ఓబీడీ-2 అంటే ఇదే. వీధి చివరి మెకానిక్ కూడా కంపెనీ వర్క్‌షాపుతో సమానంగా బండిని చదవగలగడం ఈ నిబంధన ఇచ్చిన గొప్ప వరమని నా నమ్మకం.

కానీ కోడ్‌ను చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు. పి0420 అనే కోడ్‌నే తీసుకుందాం. కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని దాని భావం. కంప్యూటర్ ఏ కాలుష్య వాయువునూ కొలిచి ఈ మాట అనదు. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందున్నదాని వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతుంటే, వెనకదాని వోల్టేజీ దాదాపు నిలకడగా ఉండాలి. వెనకది కూడా ఊగడం మొదలైతే కన్వర్టర్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచలేకపోతోందని కంప్యూటర్ ఊహిస్తుంది. పైపు అతుకులో సన్నటి లీకు ఉండి బయటి గాలి లోపలికి చొరబడినా సెన్సర్ అలాగే మోసపోతుంది. ఖరీదైన కన్వర్టర్ మార్చాక కూడా దీపం వెలగడానికి తరచూ ఇదే కారణం. కన్వర్టర్ నిజంగానే పాడై ఉంటే, దాన్ని పాడుచేసిందేమిటో ముందు వెతకాలి: మిస్‌ఫైర్ అవుతున్న సిలిండరా, ఇంజిన్ తాగేస్తున్న ఆయిలా? ఆ రోగం మిగిలి ఉంటే కొత్త కన్వర్టర్‌కూ అదే గతి. దీపం నిలకడగా వెలగకుండా టపటపా కొట్టుకుంటే మిస్‌ఫైర్ ఆ క్షణాన కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి.

గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని చెప్పే పి0171 వస్తే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. కంప్యూటర్ తనంతట తాను ఎంత ఇంధనం కలిపి సర్దుకుంటోందో ఆ అంకె చెబుతుంది. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, రేస్ చేస్తే తగ్గితే ఎక్కడో వాక్యూమ్ గొట్టం చిట్లిందన్నమాట. లోడు మీద పెరుగుతుంటే ఫ్యూయల్ పంపునో, గాలిని కొలిచే సెన్సర్ మీది మురికినో అనుమానించాలి. వీ-8 ఇంజిన్‌లో రెండు వైపులకూ ఒకేసారి కోడ్ వస్తే, రెండు వైపులకూ ఉమ్మడిగా ఉన్న భాగం దగ్గరే వెతకాలి.

పెట్రోలు ఆవిరి లీకు కోడ్‌లు మరీ మొండివి. అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా పట్టుకునే పరీక్ష అది. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా ఆ పరీక్ష జరగదు. కోడ్ చెరిపిన తర్వాత చాలా రోజులు దీపం వెలగకపోవడం అందుకే. తప్పు పోయిందని సంబరపడతాం. నిజానికి పరీక్షే జరిగి ఉండదు. ట్యాంకు మూత రబ్బరు చిట్లిందేమో ముందు చూడాలి, అది అగ్గువ పని.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక లారీ డ్రైవర్లకూ ఈ దీపంతో పని పెరిగింది. 32.5 శాతం యూరియా ఉన్న డీఈఎఫ్ ద్రవాన్ని పొగగొట్టంలో చిమ్మితే అది అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటిగా మార్చేస్తుంది. ద్రవం కల్తీదైనా, చిమ్మే నాజిల్ దగ్గర తెల్లటి యూరియా పెళ్ల కట్టినా దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించేస్తుంది, ఘాట్ రోడ్డులో లోడుతో ఉన్నా సరే. అక్కడ డ్రైవరు పడే బాధ న్యాయమైనదే. కానీ సెన్సర్‌ను మోసం చేసే పరికరం బిగించే వాళ్ల దగ్గరికి వెళ్లడం దానికి మందు కాదు; ఆ పొగ పీల్చేవాళ్లలో దారి పొడవునా ఉన్న మన ఊళ్లవాళ్లే ఎక్కువ.

ఏ బండికైనా కోడ్ చెరిపే ముందు దానితోపాటు దాచి ఉన్న ఫ్రీజ్ ఫ్రేమ్‌ను రాసుకోవాలి. తప్పు జరిగినప్పటి వేగం, ఇంజిన్ వేడి, లోడు అందులో ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి. తప్పును నిజంగా సరిచేస్తే చెరపాల్సిన అవసరమే లేదు. వరసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష నెగ్గితే దీపం తానే ఆరిపోతుంది. ఇంజిన్ మరో 40 సార్లు చల్లబడి వేడెక్కేదాకా తప్పు తిరగబెట్టకపోతే కోడ్ కూడా మెమరీలోంచి చెరిగిపోతుంది.