తెలిసిన పదార్థం, ఊహించని ఫలితం: పేటెంటు పరీక్షలో ఎంపిక విలువ

1841లో అమెరికాలో ముగ్గురు వ్యక్తులు ఒక తలుపు పిడిపై పేటెంటు పొందారు. పిడిని లోహపు కాడకు బిగించే విధానం అప్పటికే వాడుకలో ఉంది. కుమ్మరి మట్టి, పింగాణీ కూడా కొత్తవి కావు. కర్ర, లోహాల స్థానంలో వాటిని ఉపయోగించడమే వారు చేసిన మార్పు. హాచ్‌కిస్, గ్రీన్‌వుడ్ వ్యాజ్యంలో 1851లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది. పిడి చౌకైనదైనా, మెరుగైనదైనా అది నేర్పరి పనివాడు చేయగల పనే తప్ప ఆవిష్కర్త పని కాదని న్యాయస్థానం భావించింది. ఒక న్యాయమూర్తి మాత్రం ఈ నిర్ణయంతో విభేదించారు.

తలుపు పిడితో వ్యవసాయ పరిశోధకునికి పనేమిటన్న సందేహం సహజమే. అయితే విత్తన పూతలు, జీవన ఎరువుల వాహకాలు, నెమ్మదిగా కరిగే ఎరువులు మొదలైన వాటిపై జరిగే కృషిలో అధికభాగం ఇటువంటిదే. ఒక తెలిసిన పదార్థాన్ని తొలగించి మరొక తెలిసిన పదార్థాన్ని చేర్చడమే అందులోని ప్రధానాంశం.

1945 నాటి ముద్రణ సిరా వ్యాజ్యం ఇదే సూత్రాన్ని మరింత స్పష్టం చేసింది. మామూలు ఉష్ణోగ్రత వద్ద ఆరకుండా, వేడి తగలగానే ఆరే సిరాకు తగిన ద్రావణి కావలసివచ్చింది. అవసరమైన గుణాలు ముందే తెలుసు. ఆ గుణాలు గల ద్రావణి అమ్మకందారు జాబితాలోనే ఉంది. జాబితా చూసి ఎంచుకోవడం ఆవిష్కరణ కాదని సుప్రీంకోర్టు తేల్చింది.

పదార్థం మార్చిన ప్రతి సందర్భంలోనూ ఫలితం ఇదే అనుకుంటే పొరపాటు. కట్టుడు పళ్ల పలకలను లోహానికి బదులు గట్టిపరచిన రబ్బరుతో చేసే పేటెంటును అదే న్యాయస్థానం 1876లో సమర్థించింది. రబ్బరు మెత్తగా ఉన్నప్పుడు అచ్చును అనుసరించి, గట్టిపడ్డాక పళ్లతో ఏకమై నోటికి సరిగ్గా అమరింది. ఇక్కడ పదార్థంతోపాటు తయారీ విధానమూ, వస్తువు స్వభావమూ మారాయి. 1966 ఫిబ్రవరి 21న వెలువడిన రెండు తీర్పులు మరింత ఆసక్తికరం. రాళ్ల నేలల్లో దెబ్బను తట్టుకునేలా నాగలి కాడను బిగించే అమరికపై ఉన్న పేటెంటు ఆనాడు వీగిపోయింది. మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడులతో చేసి, నీరు పోయగానే పనిచేసే ఆడమ్స్ బ్యాటరీ పేటెంటు మాత్రం నిలిచింది. ఆ రెండు పదార్థాలూ తెలిసినవే. కానీ నాటి పరిజ్ఞానం అటువంటి కలయికను నిరుత్సాహపరిచేదిగా ఉంది. సైనిక నిపుణులు సైతం మొదట దాన్ని నమ్మలేదు.

భారత పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 2(1)(జెఏ) ప్రకారం ఆవిష్కరణలో సాంకేతిక పురోగతి గాని, ఆర్థిక ప్రాముఖ్యం గాని, రెండూ గాని ఉండాలి. దానితోపాటు ఆ రంగంలో నిపుణునికి అది స్ఫురించేదిగా ఉండకూడదు. ఖర్చు తగ్గిందన్న ఒక్క కారణం చాలదన్నమాట. గుణాల కూడిక తప్ప మరేమీ ఇవ్వని మిశ్రమాన్ని సెక్షన్ 3(ఇ), వ్యవసాయ పద్ధతులను సెక్షన్ 3(హెచ్) పేటెంటు పరిధి నుంచి తప్పిస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రైజోబియం కల్చరును బెల్లం ద్రావణంతో విత్తనాలకు పట్టించడం రైతులకు పరిచితమే. బెల్లానికి బదులు తుమ్మ బంక వాడితే అది పింగాణీ పిడి వంటిదే. బంకకు అంటుకునే గుణముందని అందరికీ తెలుసు. అలా కాక, బాక్టీరియాకు హానికరమని నిపుణులు సాధారణంగా దూరంగా ఉంచే ఒక పాలిమరు, నిర్ణీత మోతాదులో పూసినప్పుడు, వేడిలో ఆ కణాలను బెల్లం కంటే ఎక్కువ కాలం సజీవంగా నిలిపిందనుకుందాం. అప్పుడు వాదన ఆడమ్స్ బ్యాటరీకి దగ్గరవుతుంది.

ఈ వాదనకు ఆధారం ప్రయోగ రచనలోనే ఉండాలి. మన క్షేత్ర ప్రయోగాల ప్రధాన లోపం ఇక్కడే కనిపిస్తుంది. పూత లేని విత్తనాన్ని కంట్రోల్‌గా పెట్టి దిగుబడి పెరిగిందని చూపడం వ్యవసాయ సిఫారసుకు సరిపోవచ్చు. పేటెంటు పరీక్షకు సరిపోదు. అక్కడ పోలిక అత్యంత సమీపంలోని తెలిసిన పదార్థంతో, అంటే బెల్లంతోను, బంకతోను జరగాలి. ఈ రెండు ట్రీట్‌మెంట్లు ప్రయోగ ప్రణాళికలో లేకపోతే తరువాత ఎంత గణాంక విశ్లేషణ చేసినా ఆ లోటు తీరదు. పనికిరాకుండా పోయిన పదార్థాల నమోదులు కూడా విలువైనవే. ఎంపిక అంత తేలికగా స్ఫురించేది కాదనడానికి అవి తోడ్పడతాయి. విద్యార్థులు వాటినే మొదట చింపివేస్తుంటారు.

దరఖాస్తుకు ముందే సిద్ధాంత గ్రంథం బహిరంగంగా అందుబాటులోకి వస్తే, ఆ పాలిమరు కూడా ఆ పనికి తెలిసిన పదార్థాల జాబితాలో చేరుతుంది. అప్పుడు పరీక్షకుడు ఆవిష్కర్త ముందుంచే మొదటి పత్రం ఆ గ్రంథమే కావచ్చు.